పెడల్ గట్టిగానే ఉంది

మొన్నటి చలికాలంలో మా అన్న బేషెన్ పోయాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఈ మాట బయటపెట్టనని ఒకరికి మాటిచ్చాను. ఇరవై రెండేళ్ళు నిలబెట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు.

మా నాన్న పోతూ పోతూ గొర్రెల్ని అన్నకిచ్చాడు, పానాలు నాకిచ్చాడు. కోక్-జార్ ఊరి చివర, కరా-బెల్ ఘాటు మొదలయ్యే మలుపులో మా షెడ్డు. ఘాటు ఎక్కబోయే ప్రతి బండీ నా గుమ్మం ముందు నుంచే పోవాలి. ఆడదాని చేతికి బండి ఇస్తామా అని మీసం దువ్వినవాళ్ళు కూడా, ఒకసారి బ్రేకు పడక బతికి బయటపడ్డాక, చెప్పులు దులుపుకుని నా దగ్గరికే వచ్చేవారు. మా అన్న ఒక్కడే నన్ను మెకానిక్‌గా ఎప్పుడూ ఒప్పుకోలేదు. బండి మాత్రం నాకే తెచ్చేవాడు, ఎందుకంటే ఇంకెవరికిచ్చినా తిట్టే హక్కుండదు కదా.

ఇరవై రెండేళ్ళ కిందట, జూన్ మొదటి మంగళవారం పొద్దున్నే వచ్చాడు. తలకి కట్టు. ముందు రోజు మేత కమిటీ గదిలో పెద్ద గొడవైంది. ఘాటుకు అవతల ఊటవాలు అని మంచి మేత ఉంది. ఆ వాలులో ఎవరు ముందు గుంట తవ్వి పొయ్యి వెలిగిస్తే ఆ ఎండాకాలం అది వాళ్ళది. మా తాతల నాటి నుంచీ అదే పద్ధతి. కిందటేడు ఓరోజ్ వాళ్ళ పొయ్యి ముందు వెలిగింది. ఈ ఏడు కూడా వాళ్ళే ముందు బయలుదేరుతున్నారని తెలిసి మా అన్న కుర్చీ ఎత్తి ఓరోజ్ మూతి మీద వేశాడు. రెండు పళ్ళు రాలాయి. ఓరోజ్ కొడుకు మెదెర్ అదే కుర్చీ అందుకుని మా అన్న నుదురు చీల్చాడు.

"పెడల్ మెత్తగా పోతోంది. గంటలో చెయ్యి," అన్నాడు అన్న.

"గంటలో నీ తలకి కట్టు మార్చగలను. బ్రేకులు చెయ్యలేను."

"నోరు కాదు, చెయ్యి ఆడించు కెంజే. రేపు తెల్లారేసరికి ఘాటెక్కాలి."

పికప్ వెనక అప్పటికే గుడారం కర్రలు, ఉన్ని పరుపులు, ఇనుప పొయ్యి, రెండు పెట్టెలు ఎక్కించేశారు. గొర్రెపిల్లల్ని మర్నాడు ఎక్కిస్తారట. మా వదిన సాబిరా తాళ్ళు బిగిస్తోంది. వాళ్ళ కూతురు అక్‌మోర్ డ్రైవరు సీట్లోకి దూకి కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. నర్సు చదువు పూర్తిచేసి వారం రోజుల క్రితమే నరీన్ పట్నం నుంచి వచ్చింది.

"అత్తా, నేను తొక్కుతా, నువ్వు చెప్పు," అంది. బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరుండాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర మర వదలాలి. మళ్ళీ మర బిగించేదాకా తొక్కినవాళ్ళు కాలు తీయకూడదు. తీస్తే ఉన్న గాలి చాలక కొత్త గాలి లోపలికి పోతుంది.

"తొక్కు."

"తొక్కా."

"పట్టు... ఆ, బిగించా. వదులు."

"అత్తా, నీకు మొగుడెందుకు దొరకలేదో ఇప్పుడు అర్థమైంది. వాడు ముద్దు పెట్టుకోవాలన్నా ముందు సబ్బు తెచ్చుకోవాలి."

"దొరక్క కాదే. మీ నాన్న లాంటివాడు దొరుకుతాడేమోనని భయం."

పిల్ల పకపకా నవ్వింది. మర దగ్గర కారుతున్న ఆయిల్ చూసి నాకు మాత్రం నవ్వు రాలేదు. రాత్రి కాచి పొద్దున వేడిచేసిన టీ రంగులో ఉంది. కిందటేడే చెప్పాను, వసంతంలో మళ్ళీ చెప్పాను, ఇది మొత్తం తీసేసి కొత్తది పొయ్యాలని. వర్షాకాలంలో ఉప్పు ఎట్లా చెమ్మగిల్లుతుందో బ్రేకు ఆయిల్ కూడా అట్లాగే గాల్లో తడిని పీల్చుకుంటుంది. ఏళ్ళు గడిస్తే అందులో నీళ్ళు చేరతాయి. ఘాటు దిగేటప్పుడు బ్రేకులు కాలితే ఆ నీళ్ళు మరిగి ఆవిరవుతాయి. ఆవిరి మీద పెడల్ తొక్కితే కాలు తిన్నగా నేలకి తగులుతుంది. చల్లారాక చూస్తే ఏ లోపమూ కనపడదు.

కొత్త ఆయిల్ గురువారం బస్సులో గానీ రాదు. షెడ్డులో ఉన్నది ఒక్క అరసీసా, పోయిన చలికాలమే మూత పగిలి తడి పట్టింది. అదే తెచ్చి తగ్గినంత మేరకు పోశాను. పోసి, ఇక రెండు రోజులు ఆగమని చెబుదామనే లేచాను. నా ఖర్మ, ముందు వేరే మాటతో మొదలుపెట్టాను.

"అన్నా, ఈసారైనా ఘాటు గేర్లో దిగు. న్యూట్రల్‌లో జార్చుకుంటూ పోకు. చెంబెడు పెట్రోలు మిగులుతుందని పెళ్ళాం బిడ్డల్ని..."

మిగతా మాట నోట్లోనే ఉంది. ఆయన మణికట్టుకి ఎప్పుడూ వేలాడే కొరడా నా ఎడమ కనుబొమ్మ నుంచి గడ్డం దాకా దిగింది. కన్ను పోయిందనుకున్నాను. తడుముకుంటే చెయ్యంతా రక్తం.

"నాకు బండి నడపడం నేర్పుతావే? పదేళ్ళప్పుడు గుర్రం మీంచి పడి మూత్రం పోసుకున్నదానివి!"

"నాన్నా!" అని అరిచింది అక్‌మోర్. వదిన తలెత్తి నా మొహం చూసింది. చూసి, మళ్ళీ తాడు వైపు తిరిగి ముడి ఇంకాస్త బిగించింది.

"ఇంకేమన్నా చెప్పేదుందా?" అన్నాడు అన్న.

ఉంది. నాలుక చివరే ఉంది. కానీ నా మొహం మండుతోంది, దానికంటే కడుపు మండుతోంది. పోనీ, ఆ ఆయిల్ మరగనీ, అనుకున్నాను. దారిలో ఎక్కడో పెడల్ జారి, గట్టుకు గుద్దుకుని, ఆ ముక్కు పగిలి తిరిగొస్తే కళ్ళారా చూస్తాను అనుకున్నాను. అంతకంటే ఏమీ అనుకోలేదు. మనం అనుకున్న కొలతకే జరుగుతుందా ఏదైనా?

"ఏం లేదు," అన్నాను.

"బ్రేకులు?"

"పెడల్ గట్టిగానే ఉంది."

అది అబద్ధం కాదు. నిజంగానే గట్టిగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పాల ట్యాంకర్ డ్రైవరు వచ్చి చెప్పాడు. అతని బండిలోనే ఘాటు దాటి వెళ్ళాను. అవతలి వైపు పదకొండో మలుపులో పికప్ కొండకు గుద్దుకుని పక్కకు ఒరిగి ఉంది. సామాను లోయ పొడవునా చిమ్మి ఉంది. కాళ్ళు విరిగిన గొర్రెపిల్లలు ఇరవై దాకా రోడ్డు మీద పడి అరుస్తున్నాయి. మా అన్న మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్క దాని తల పడమటికి తిప్పి, బిస్మిల్లా అని గొంతు కోస్తున్నాడు. ఊపిరి ఉండగా కొయ్యకపోతే మాంసం పనికిరాదు కదా. మోచేతుల దాకా రక్తం. ఒకటి కోయగానే ఇంకోదాని దగ్గరికి. తలెత్తడం లేదు. తలెత్తితే, రోడ్డు పక్కన ఉన్ని పరుపు కప్పి పడుకోబెట్టిన కూతురు కనపడుతుంది.

అక్‌మోర్ సామాను మీద కూర్చుని వచ్చింది. బండి ఒరిగినప్పుడు ఇనుప పొయ్యి ఆమె మీద పడింది. నేను పరుపు ఎత్తి చూశాను. ఎత్తకుండా ఉండాల్సింది.

వదిన మెడ ఎముక విరిగి, గట్టుకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

"పెడల్ నేలకి తగిలింది," అన్నాడు అన్న, కత్తి ఆపకుండా. "ఆరుసార్లు తొక్కాను. ఆరుసార్లూ నేలకే. గేర్లోనే ఉన్నాను, అయినా ఆగలేదు."

వదిన కళ్ళు దించుకుంది. ఎందుకు దించుకుందో నాకప్పుడు పట్టలేదు. 

ఘాటు మీద గుర్రంపాలు అమ్మే షార్కన్ ముసలమ్మ కూడా దిగి వచ్చింది. అక్కడే పెద్దగా అంది, "పైన మీరు బండి ఆపి టీ తాగి కదలబోతున్నప్పుడు ఓరోజ్ కొడుకు మీ వెనక చక్రం దగ్గర గొంతుక్కూచుని ఉన్నాడయ్యా. ఏం చేస్తున్నాడో నాకేం తెలుసు?"

అన్న కత్తి ఆగింది. దాన్ని గొర్రెపిల్ల ఉన్నికి అటూ ఇటూ తుడిచాడు.

"కోశాడు," అన్నాడు. "బ్రేకు గొట్టం కోశాడు."

ఊళ్ళో అందరూ ఆ మాటే అన్నారు. శవాన్ని తీసుకొచ్చి గుడారంలో పెట్టాం. ఆడవాళ్ళు లోపల గోడకు తిరిగి శోకాలు పెట్టారు, మగవాళ్ళు బయట కర్రల మీద వాలి ఏడ్చారు. మూడో రోజు పాతిపెట్టి వచ్చిన చేతులతోనే అన్నా, మా చిన్నాన్న కొడుకులిద్దరూ కలిసి ఊటవాలుకి పోయారు. ఓరోజ్ గుడారానికి నిప్పు పెట్టారు. అడ్డొచ్చిన కుక్కని గొడ్డలితో నరికారు. ఓరోజ్ ముసలి తల్లిని చెయ్యి పట్టి బయటికి లాగుతుంటే ఆమె భుజం ఊడింది. వారం తిరక్కుండా వాళ్ళు మా గుర్రాల్ని మందు పెట్టి చంపారు. మా చిన్నాన్న పెద్దకొడుకుని సంతలో పట్టుకుని గుర్రపు నాడాతో దవడ పగలగొట్టారు. అతను ఇప్పటికీ గంజే తాగుతాడు. పోలీసు వచ్చి రాసుకుని వెళ్ళాడు. మెదెర్ మాత్రం దొరకలేదు. పై కొండల్లో ఎవరి దగ్గరో దాక్కున్నాడన్నారు.

ఈలోగా పికప్‌ని ట్రాక్టర్‌తో ఎత్తించి, తొట్టిలో వేసుకొచ్చి నా షెడ్డు ముందు పడేశారు. "గొట్టం ఎక్కడ తెగిందో చూసి చెప్పు," అన్నాడు అన్న. ఇదిగో రేపు, అదిగో రేపు అని పద్దెనిమిది రోజులు నేను దాని మీద చెయ్యి వేయలేదు. దాన్ని దాటుకుని బావికి పోయేదాన్ని, దాటుకుని వచ్చేదాన్ని. నా మొహం మీద గాటు పొక్కు కట్టి, పొక్కు రాలింది.

పంతొమ్మిదో రోజు ఇక తప్పదని జాకీ తీశాను. గొట్టాలు నాలుగూ చేత్తో తడిమాను. గీత కూడా లేదు. చక్రాల దగ్గర ఆయిల్ చెమ్మ లేదు. ముందు చక్రాల బ్రేకు పళ్ళేలు నీలం తిరిగాయి, ఎర్రగా కాలి చల్లారిన ఇనుము రంగు. లైనర్లు అద్దంలా మెరుస్తున్నాయి. పైడబ్బాలోంచి ఒక చెంచాడు ఆయిల్ తీసి స్టవ్ మీద పెట్టాను. మంచి ఆయిల్ అయితే అంత తొందరగా మరగదు. ఇది చిటపటమని తుళ్ళి నా చేతి మీదే పడింది.

తర్వాత తలుపు తీసి లోపలికి చూశాను. గేరు రాడ్డు న్యూట్రల్‌లో ఉంది. కూతురు చచ్చిపోయిన గొడవలో ఎవరూ ఆ రాడ్డు వైపు చూడలేదు. పద్దెనిమిది రోజులుగా అట్లాగే ఉంది.

మీద అంత బరువుతో, న్యూట్రల్‌లో, పదకొండు మలుపులు ఒట్టి బ్రేకుల మీదే దిగాడు. ఆ బ్రేకుల్లో ఉన్నది నేను పోసిన ఆయిల్. సగం పాపం ఆయనది, సగం నాది. షెడ్డులో టైరు మీద కూర్చుని ఆ సగాన్ని ఎట్లా చెప్పాలా అని ఆలోచించాను. చెబితే నన్ను చంపుతాడు. చెప్పకపోతే మెదెర్‌ని చంపుతాడు. అప్పటికి నాకు నా ప్రాణమే తీపిగా ఉంది. దాచుకోను.

ఆలోచన తెగకముందే గుర్రాల చప్పుడైంది. మిట్టమధ్యాహ్నం. మెదెర్‌ని తాడు కట్టి గుర్రం వెనక ఈడ్చుకొచ్చారు. గొర్రెల్ని మందు నీళ్ళలో ముంచే చోట దొరికాడట. చొక్కా చిరిగి ఒంటికి మట్టీ రక్తమూ కలిసి అంటుకుపోయాయి. ఇరవై మూడేళ్ళ కుర్రాడు, వాడి కాళ్ళు వాడి మాట వినడం లేదు. వెనకాలే వదిన, చెయ్యి మెడకు కట్టుకుని, నడిచి వచ్చింది.

అన్న వాణ్ణి తిన్నగా, ఇనుము బిగించి పట్టే నా వైస్ దగ్గరికి తోశాడు.

"ఏ చేత్తో కోశావురా?"

"కొయ్యలేదు బాబాయ్. అమ్మతోడు కొయ్యలేదు."

"చక్రం దగ్గర ఏం పీకుతున్నావ్ మరి?"

"రాయి... రాయి తీశాను."

అది నిజమని నాకు చప్పున తోచింది. ఘాటు మీద బండి ఆపితే చక్రానికి రాయి పెడతాం, హ్యాండ్‌బ్రేకుని నమ్మేవాడు మా వైపు లేడు. కదిలేటప్పుడు ఆ రాయి తీసి గట్టున పెట్టాలి. వదిలేసి పోతే వెనకొచ్చే బండి దాన్ని ఎక్కి పడితే ఆ ఉసురు మనదే. అందుకని పక్కన ఎవరున్నా, పగవాడైనా సరే, వంగి తీసి పెడతాడు. రాయి దగ్గర పగ ఉండదు అంటారు మా వాళ్ళు.

"మా బండికి నువ్వెందుకు తీశావురా?"

"అక్‌మోర్ తియ్యమంది బాబాయ్. పైనుంచి పిలిచి, 'ఒరే మెదెర్, కుర్చీలు ఎత్తడమేనా, రాయి కూడా ఎత్తుతావా' అంది. నవ్వింది. తీశాను. అంతే."

కూతురి పేరు, దాని నవ్వు వాడి నోట వినేసరికి అన్న మొహంలో మనిషి కనపడకుండా పోయాడు. వాడి కుడి చెయ్యి లాగి వైస్ దవడల మధ్య పెట్టి పిడి తిప్పాడు. మెదెర్ అరుపుకు గుర్రాలు తాళ్ళు తెంచుకోబోయాయి.

"అన్నా! ఆగన్నా! ఎవడూ ఏదీ కొయ్యలేదు. చూశాను. గొట్టాలన్నీ బాగున్నాయి. ఆయిల్ మరిగిపోయింది!" అని పిడి మీద పడ్డాను.

మోచేత్తో నా నోటి మీద కొట్టాడు. పన్ను ఒకటి నాలుక మీదికి వచ్చింది.

"నువ్వు మూసుకో! నువ్వేగా చెప్పావు, పెడల్ గట్టిగానే ఉందని? గట్టిగా ఉన్నదాన్ని మెత్తగా ఎవడు చేశాడు మరి? నువ్వు చేశావా?"

నా మాటే. వాడి చేతిని వైస్‌లో పెట్టింది నా మాటే.

చేశాను అని చెప్పాల్సింది. అక్కడ చెప్పి ఉంటే... లేదు, చెప్పలేదు. నెత్తురు ఉమ్మి వేరే మాట అన్నాను.

"ఇప్పుడు తొక్కి చూడు."

"ఏంటే?"

"పోయి తొక్కి చూడు అంటున్నా. గొట్టం తెగితే ఇప్పుడు కూడా నేలకి తగలాలి కదా. పద్దెనిమిది రోజులుగా బండి ఇక్కడే ఉంది, ఎవరూ ముట్టలేదు. పోయి తొక్కు. తగిలితే ఆ చేతిని నేనే నలుపుతా."

అన్న నన్ను చూశాడు. చూస్తూనే పిడి ఇంకో చుట్టు తిప్పాడు. ఎండు కొమ్మలు విరిగినట్టు రెండు మూడు చప్పుళ్ళయ్యాయి. మెదెర్ అరుపు మధ్యలో ఆగిపోయి, వాడు వైస్‌కి వేలాడాడు. అప్పుడు అన్న చేతులు దులుపుకుని పికప్ దగ్గరికి నడిచాడు.

ఒరిగిన తలుపు కిర్రుమంది. సీట్లో కూర్చున్నాడు. కాలు పెట్టి తొక్కాడు.

పెడల్ సగంలో ఆగింది.

మళ్ళీ తొక్కాడు. బండి ఊగింది గానీ పెడల్ కదల్లేదు. మూడోసారి రెండు కాళ్ళతో తొక్కాడు. ఆరుసార్లు తొక్కాడు, నేను లెక్కపెట్టాను. అలవాటు కొద్దీ కుడిచెయ్యి గేరు రాడ్డు మీదికి పోయింది. రాడ్డు అటూ ఇటూ వదులుగా ఊగింది.

వదిన తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"చెయ్యి ఎక్కడుందో చూసుకో," అంది. "ఆ రోజూ అక్కడే ఉంది."

 ఇటు వచ్చి, బాగున్న ఒక్క చేత్తో వైస్ పిడి పట్టుకుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. మా చిన్నాన్న కొడుకులు నేల చూపులు చూస్తున్నారు. అన్న బండిలోనే ఉండిపోయాడు, సాయంత్రం గొర్రెలు ఊళ్ళోకి వచ్చేదాకా.

మెదెర్ కుడిచేతిలో మూడు వేళ్ళు తీసేశారు. నరీన్ ఆసుపత్రిలో పోలీసు అడిగితే, బండి బాగుచేస్తూ నేనే పెట్టుకున్నాను అన్నాడట. ఎందుకన్నాడో నన్నడగద్దు. ఆ కుర్రాడు అట్లాంటివాడు. అట్లాంటివాణ్ణి పట్టుకుని...

కూతురు పోయిన నలభయ్యో రోజు అన్నం పెట్టాక, అన్న నడుముకున్న తోలు పటకా విప్పి మెడలో వేసుకుని ఊటవాలుకి నడిచే పోయాడు. గుర్రం లేదు, టోపీ లేదు. మెడలో పటకాతో వచ్చినవాణ్ణి చంపినా అడిగేవాడుండడు, అది మా కట్టడి. నేనూ వదినా దూరంగా వెనకాల వెళ్ళాం. ఓరోజ్ కాలిపోయిన గుడారం పక్కనే కొత్తది వేసుకున్నాడు. లేచి అన్నకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నా తల్లికి," అని కొరడా ఎత్తాడు. కొట్టాడు. "నా కొడుకు చేతికి," అన్నాడు. ఆ తర్వాత పేర్లు చెప్పడం మానేశాడు. అన్న మోకాళ్ళ మీద నిలబడి ఒక్క దెబ్బకూ చెయ్యి అడ్డం పెట్టలేదు. వీపు మీద చొక్కా పీలికలైంది, పీలికల కింద చర్మం కూడా. కొరడా పిడి విరిగేదాకా కొట్టి, విరిగాక ఓరోజ్ కింద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతని ముసలి తల్లి కట్టుకట్టిన భుజంతో వచ్చి అన్న నోట్లో రొట్టెముక్క పెట్టింది. దాంతో సరి. ఆ రోజు తర్వాత రెండు కుటుంబాల మధ్య ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

మా అన్న కూడా ఎత్తలేదు, ఎవరి మీదా. కొరడా పొయ్యిలో పడేశాడు. బండి నడపడం మానేశాడు. గడ్డివాము పక్కన కూర్చుంటే పొద్దుగూకేదాకా అక్కడే ఉండేవాడు. పిలిస్తే తలెత్తేవాడు కాదు. నాకు ఎదురుపడితే నా మొహం మీది గాటు చూసి పక్కదారి పట్టేవాడు. అది చూసిన ప్రతిసారీ, సగం నాది అన్నా, అని నోటిదాకా వచ్చేది.

సెప్టెంబరులో కొండ మీద మంచు పడగానే మందలు దిగే రోజులొచ్చాయి. ఓరోజ్ పికప్ నా షెడ్డు ముందు ఆగింది. పక్క సీట్లోంచి మెదెర్ దిగాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. ఎడమచేత్తో కొత్త ఆయిల్ సీసా నాకందించాడు, సీలు తియ్యనిది.

"బ్రేకు మెత్తగా ఉందత్తా. మొత్తం తీసి ఇది పొయ్యి," అన్నాడు. అని, టీ తాగి వస్తానని తండ్రితో కలిసి రోడ్డు దాటాడు. నన్నూ ఆ వైస్‌నీ ఒకచోట చూడలేక వెళ్ళాడని తెలుసు.

పెడల్ తొక్కడానికి మనిషి లేదు. ఎండు పేడ బుట్టతో అటుగా పోతున్న వదిన ఆగి, బుట్ట దించి, ఏమీ అడక్కుండా బండెక్కి కూర్చుంది.

"తొక్కు వదినా."

"తొక్కా."

"పట్టు... వదులు."

మూడు చక్రాలు అట్లా అయిపోయాయి. నాలుగోది, ముందు ఎడమ చక్రం. నేను కింద పడుకుని ఉన్నాను. నా మొహం ఆమెకి కనపడదు, ఆమె మొహం నాకు కనపడదు. మర వదిలాను. పాత ఆయిల్ గొట్టంలోంచి కారుతోంది. అప్పుడు అనేశాను.

"వదినా, ఆ రోజు ఆయిల్ పాడైపోయిందని నాకు తెలుసు. రెండు రోజులు ఆగమని చెప్పాలి. చెప్పలేదు. కొట్టాడని చెప్పలేదు."

 ఆమె కాలు తీస్తే గాలి పోతుంది, తెలుస్తుంది. కాలు తీయలేదు. ఆయిల్ ధార సన్నబడి ఆగింది. నాకు మర బిగించడానికి చెయ్యి రావడం లేదు.

"బిగించు," అంది వదిన.

బిగించాను.

"ఆ రోజు నీ మొహం చూశాను కెంజే. కన్ను పోయిందేమో అనుకున్నా. అనుకునే ముడి వేసుకున్నా." పైన సీటు కిర్రుమంది. "ఘాటు మీద ఆయన న్యూట్రల్ వేసినప్పుడూ చూశా. వద్దు అంటే నాకూ ఒకటి పడేది. కూతురు నవ్వుతూ ఉంది పైన. దాని ముందు ఎందుకులే దెబ్బ తినడం అనుకున్నా."

నేను కిందనుంచి లేవబోయాను.

"లేవకు. అక్కడే ఉండి విను. ఈ మాట మీ అన్నకి చెప్పకు."

"చెప్పకపోతే ఆయన మొత్తం తనదే అనుకుంటున్నాడు వదినా. చచ్చిపోతాడు అట్లా కూర్చుని కూర్చుని."

"అనుకోనీ."

"వదినా..."

"ఇరవై ఏళ్ళు కొట్టాడు కెంజే. నువ్వు ఒక్కసారి తిన్నావు, నేను రోజూ తిన్నాను. ఇప్పుడు సగం నీదని చెబితే మిగతా సగం నాదంటాడు. రేపటికి అంతా మనదే అవుతుంది. మళ్ళీ కొరడా కొనుక్కుంటాడు." పైన పెడల్ ఒకసారి టక్కుమంది. "అదంతా ఆయన్నే మోయనీ. బతికినన్నాళ్ళూ. మాటివ్వు."

మాటిచ్చాను. అన్న ఇరవై రెండేళ్ళు మోశాడు. చివరి రోజు కూడా, మంచంలో, కుడిచెయ్యి పక్కకు చాచి లేని రాడ్డుని ఊపుతూ, పాదంతో దుప్పటిని తొక్కుతూ పోయాడు. వదిన ఆ పాదం పట్టుకుని కూర్చుంది. అప్పుడైనా చెబుదామా అని ఆమె వంక చూశాను. తల అడ్డంగా ఊపింది.

ఆ సెప్టెంబరు రోజున మాత్రం, మాటిచ్చాక, ఆమె అడిగింది, "గాలంతా పోయిందా?"

"ఇంకోసారి చూద్దాం. తొక్కు."

తొక్కింది.

"ఎట్లా ఉంది?"

ఇంకోసారి తొక్కి చూసింది. తర్వాత పైనుంచి వదిన గొంతు వినపడింది.

"గట్టిగానే ఉంది."